ఆయాసం ఉన్నవాళ్లకి వేడి మట్టి స్నానం: నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

నేను విజయవాడలో ఫిజియోథెరపిస్టుని. ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లని నడిపించడం, ఊపిరి వ్యాయామాలు చేయించడం, కళ్లె బయటికి తెప్పించడం నా పని. డాక్టర్ని కాదు, మందులు రాయను. అయినా ఈ మధ్య వారానికి ఇద్దరైనా వాట్సాప్‌లో ఏదో వీడియో చూపించి "మట్టి స్నానం చేస్తే ఆయాసం పోతుందంట కదండీ" అని అడుగుతున్నారు. ఒక్కొక్కళ్లకీ మొదట్నుంచీ చెప్పలేక అన్నీ ఇక్కడ రాసిపెట్టాను. మొత్తం చదివే ఓపిక లేకపోతే "ఎవరు అసలు వెళ్లకూడదు" అన్న ప్రశ్న ఒక్కటైనా చదివి, తర్వాత గది బుక్ చేసుకోండి.

వేడి మట్టి స్నానం, మన ప్రకృతి ఆశ్రమాల్లో పూసే మట్టి రెండూ ఒకటేనా?

కాదు. మన దగ్గర ఎక్కువగా చేసేది చల్లమట్టి. మూడు నాలుగు అడుగుల లోతు నుంచి తీసిన మట్టిని ఎండబెట్టి, జల్లించి, నానబెట్టి పొట్ట మీదో కళ్ల మీదో పట్టీలా వేస్తారు, లేదా ఒళ్లంతా పూసి ఎండలో కూర్చోబెట్టి ఆరాక కడిగేస్తారు. గాంధీగారు తన ఒంటి మీద తానే మట్టి పట్టీలు వేసుకునేవారు, 1946లో పుణె దగ్గర ఉరులీ కాంచన్‌లో ప్రకృతి చికిత్సాలయం పెట్టించారు కూడా. మన ఆశ్రమాల పద్ధతి చాలావరకు ఆ దారిలోదే.

వీడియోల్లో చూపించేది యూరప్ పద్ధతి. ఇటలీలో అబానో టెర్మే అనే ఊరుంది, అక్కడి ఊటనీళ్లు 80 డిగ్రీలు దాటిన వేడితో వస్తాయి. ఆ నీళ్లలో బంకమట్టిని వారాల తరబడి మాగబెడతారు, మనం ఆవకాయ మాగబెట్టినట్టు. దాని మీద నాచు పెరిగి మట్టి రంగు, మెత్తదనం మారిపోతాయి. దాన్ని 40 డిగ్రీల చుట్టుపక్కలకి తెచ్చి ఒంటికి మందంగా పట్టించి, దుప్పటి కప్పి పావుగంటో ఇరవై నిమిషాలో ఉంచుతారు. హంగేరీ, రుమేనియా, ఇజ్రాయెల్ వైపు మృత సముద్రం దగ్గర కూడా ఇలాంటివి ఉన్నాయి.

మన కృష్ణా, గుంటూరు వైపు అలాంటి వేడి ఊటల ఊసే లేదు. భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఇసుక తవ్వితే వేడినీళ్లు వస్తాయి, మనకి దగ్గర్లో చెప్పుకోదగ్గది అదే. కాబట్టి ఇక్కడ ఎవరైనా "థర్మల్ మడ్ బాత్" అని బోర్డు పెడితే, మామూలు మట్టిని గీజర్ నీళ్లతో కలిపి వేడి చేస్తున్నారని అర్థం. అందులో మోసమేం లేదు, పేరు మాత్రం పెద్దది.

దీంతో ఊపిరితిత్తులు బాగవుతాయా?

బాగవవు.

సీఓపీడీ అనే దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బులో గాలి గొట్టాలు సన్నబడి, వాటి చివరి గాలి సంచులు దెబ్బతిని ఉంటాయి. అలా చెడిపోయిన సంచి మట్టితోనే కాదు, ఏ మందుతోనూ మళ్లీ కొత్తది కాదు. మందులు చేసేదల్లా ఉన్న గొట్టాలని తెరిచి ఉంచడం, ఆయాసం ఉన్నట్టుండి ముదరడం తగ్గించడం. మట్టి స్నానం వల్ల స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తుల పనితీరు కొలిచే పరీక్ష) అంకెలు మారతాయని నమ్మకంగా చూపించిన పెద్ద పరీక్షలేవీ లేవు. మోకాళ్ల అరుగుదలకి మాత్రం వేడి మట్టి నొప్పి తగ్గిస్తుందని చూపించిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. మీకు ఆయాసంతో పాటు మోకాళ్ల నొప్పులు కూడా ఉంటే, నొప్పి తగ్గి నాలుగు అడుగులు ఎక్కువ వేయగలిగితే, ఆ దారిన కొంత మేలు రావచ్చు. ఊపిరితిత్తి విషయంలో నేను చెప్పగలిగింది అంతే.

మరి మా బాబాయి పది రోజులు ఉండొచ్చి "గుండె తేలికపడింది" అంటున్నాడు. అబద్ధమా?

అబద్ధం ఎందుకవుతుంది, నిజంగానే తేలికపడి ఉంటుంది. కానీ ఆ పది రోజుల్లో ఇంకేం జరిగిందో కూడా చూడాలి. చుట్ట మానేశాడు, ఆశ్రమంలో కాల్చనివ్వరు కాబట్టి. పొద్దున్నే లేచి నడిచాడు. మిర్చి యార్డు ఘాటు లేదు, బందరు రోడ్డు పొగ లేదు, ఇంట్లో పోపు ఘాటు లేదు. రాత్రి తొమ్మిదింటికే పడుకున్నాడు. పైగా ఏళ్ల తరబడి ఆయాసపడేవాళ్లకి మెడ, భుజాల కండరాలు రాయిలా బిగుసుకుపోయి ఉంటాయి, ఎందుకంటే ఊపిరి లాగడానికి ఆ కండరాలనే వాడుతుంటారు. వాటి మీద వేడి పడితే సడలుతాయి, ఆ హాయి నిజమే. ఇన్ని కలిసి చేసిన మేలుకి పేరు మట్టికి వచ్చింది.

మృత సముద్రం సంగతి చెప్తే మీకే అర్థమవుతుంది. అక్కడికి వెళ్లిన సీఓపీడీ పేషెంట్లలో ఆక్సిజన్ పెరిగిందని, ఇంకొంచెం దూరం నడవగలిగారని రాసిన పరిశోధన నిజంగానే ఉంది. అయితే ఆ ప్రాంతం సముద్రమట్టానికి 400 మీటర్లకి పైగా కిందకి ఉంటుంది. అంత లోతులో గాలి చిక్కగా ఉంటుంది, ఒక్కో ఊపిరికీ ఆక్సిజన్ కాస్త ఎక్కువ అందుతుంది. ఆ మేలు గాలి పీడనానిది. అక్కడి నల్లమట్టిని ప్యాకెట్లో తెచ్చి సత్యనారాయణపురంలో పూసుకుంటే గాలి పీడనం ప్యాకెట్లో రాదు కదా.

మెడదాకా మట్టి తొట్టిలో కూర్చోబెడితే ఎందుకు ఊపిరాడనట్టు ఉంటుంది?

ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కళ్లారా చూశాను.

మా మేనమామ గుంటూరులో పత్తి జిన్నింగ్ మిల్లులో ముప్పై ఏళ్లు పనిచేశాడు. దూది నుసి, దానికి తోడు చుట్ట. ఆయాసం కన్నా ఆయనకి మోకాళ్లే ఎక్కువ బాధ, అందుకని ఒక చికిత్సా కేంద్రానికి తీసుకెళ్లాం, పేరు అనవసరం. వాళ్లు మోకాళ్లకి పట్టీ వేస్తే సరిపోయేది, "ఫుల్ మడ్ బాత్ ప్యాకేజీలో ఉందండీ" అని కాలర్ ఎముక దాకా వేడి బురద తొట్టిలో కూర్చోబెట్టారు. దిగేముందు వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే ఆక్సీమీటర్లో 94. అయిదు నిమిషాలకి భుజాలు ఎగరేస్తూ ఊపిరి పీలుస్తున్నాడు, మాట మూడు ముక్కలుగా వస్తోంది. వేలికి క్లిప్పు పెడితే బురద వల్ల అంకె రాలేదు. తడిగుడ్డ అంచుతో గోరు తుడిచి మళ్లీ పెడితే 86. అక్కడి కుర్రాడు "వేడికి అలాగే ఉంటుందండీ, లోపలి విషం బయటికొస్తోంది" అన్నాడు. విషం లేదు, గిషం లేదు. ఇద్దరం చంకల కింద చేతులు వేసి లేపితే, నిలబడగానే కళ్లు తిరిగి నా మీదికి ఒరిగిపోయాడు. ప్లాస్టిక్ స్టూలు మీద ముందుకి వంగి, మోచేతులు మోకాళ్ల మీద పెట్టి పది నిమిషాలు కూర్చున్నాక గానీ మాట సర్దుకోలేదు. "ఒరేయ్, ఎవరో గుండెల మీద కూర్చున్నట్టుందిరా" అన్నాడు.

ఆయన అన్నది అక్షరాలా నిజం. మామూలు నీళ్లలో మెడదాకా కూర్చున్నా ఆ బరువు ఛాతీని, పొట్టని అన్ని వైపుల నుంచీ నొక్కుతుంది. కాళ్లలో ఉన్న రక్తం పైకి తోసుకొచ్చి అర లీటరుకి పైగా ఛాతీలోకి చేరుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే ఊపిరి తీసుకునే శ్రమ సుమారు 60 శాతం పెరుగుతుందని లెక్క. బురద నీళ్ల కన్నా బరువు, కాబట్టి నొక్కుడు ఇంకా ఎక్కువ. దానికి తోడు వేడి. ఒంటి వేడి ఒక్క డిగ్రీ పెరిగితే ఒంటికి కావలసిన ఆక్సిజన్ పది శాతం దాకా పెరుగుతుంది, గుండె నిమిషానికి మరో పదిసార్లు కొట్టుకుంటుంది. మెట్లెక్కుతుంటేనే ఆక్సిజన్ చాలని మనిషికి కూర్చున్నచోటే మెట్లెక్కించినట్టు అవుతుంది. వేడికి చర్మంలోని రక్తనాళాలు విచ్చుకుని బీపీ పడిపోతుంది, అందుకే లేవగానే కళ్లు తిరిగాయి.

ఇంకో సంగతి. వేడి నీళ్లు చురుక్కుమంటాయి, అదే వేడి మట్టి చురుక్కుమనదు. మట్టిలో వేడి నెమ్మదిగా కదులుతుంది కాబట్టి 42 డిగ్రీలు కూడా గోరువెచ్చగా, హాయిగా అనిపిస్తుంది. కాబట్టి "నాకేం వేడిగా లేదు" అన్న మాట నమ్మకండి, థర్మామీటర్ని నమ్మండి.

ఎవరు అసలు వెళ్లకూడదు?

ఈ మధ్య నాలుగు వారాల్లో ఆయాసం ముదిరి హాస్పిటల్లో చేరినవాళ్లు, లేదా యాంటీబయాటిక్, స్టెరాయిడ్ మాత్రల కోర్సు వాడినవాళ్లు. జ్వరం ఉన్నవాళ్లు, కళ్లె పచ్చగా మారినవాళ్లు. కళ్లెలో రక్తం చార కనిపించినవాళ్లు, ఎంత కొంచెమైనా సరే. టీబీ మందులు వాడుతున్నవాళ్లు, టీబీ అనుమానంతో పరీక్షలు ఇంకా పూర్తికానివాళ్లు. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి ట్యూబు వేయించుకున్న చరిత్ర ఉన్నవాళ్లు. ఊపిరితిత్తుల వల్ల గుండె కుడివైపు దెబ్బతిని కాళ్ల వాపులు వచ్చినవాళ్లు, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో బీపీ ఉందని గుండె స్కాన్ ఎకోలో రాసినవాళ్లు. ఈ మధ్య గుండెపోటు వచ్చినవాళ్లు, గుండె లయ తప్పుతున్నవాళ్లు. కూర్చుని ఉన్నప్పుడే ఆక్సిజన్ 90 కన్నా తక్కువ చూపించేవాళ్లు.

పల్మనరీ ఫైబ్రోసిస్, ఐఎల్‌డీ అని (ఊపిరితిత్తులు మచ్చలు కట్టి గట్టిపడే జబ్బులు) రిపోర్టులో ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త. వాళ్లకి కూర్చున్నప్పుడు 96 ఉండి, బాత్రూమ్ దాకా నడిస్తే 85కి పడిపోవడం మామూలే. కూర్చుని చూసిన అంకెతో ధైర్యం తెచ్చుకోవద్దు.

షుగర్ వల్ల పాదాలు మొద్దుబారినవాళ్లకి వేడి తెలియదు, చర్మం కాలినా తెలియదు. ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడినవాళ్ల చర్మం ఉల్లిపొరలా ఉంటుంది, ఆరిన మట్టిని లాగితే పొర లేచొస్తుంది. వీళ్లిద్దరికీ నేను వద్దనే చెప్తాను.

సరే, జబ్బు అదుపులోనే ఉంది, మోకాళ్ల కోసమో నడుము కోసమో వెళ్తాం. ఎలా వెళ్లాలి?

ముందు మీ ఛాతీ డాక్టరుని అడగండి, ఆయన చిరాకుపడినా సరే. వెళ్లాక తొట్టి వద్దని, పట్టీ చాలని చెప్పండి. నొప్పి ఉన్నచోట మాత్రమే మట్టి, ఛాతీ ముందు భాగం మీద, పొట్ట మీద వేయనివ్వకండి. వెల్లకిలా పడుకోబెట్టనివ్వకండి, వీపు వెనక దిండ్లు పెట్టి సగం కూర్చున్నట్టు ఉండాలి. మట్టి వేడి 40 దాటకూడదు. మొదటిరోజు పది నిమిషాలు, బాగుంటే తర్వాత పదిహేను. రోజూ కాదు, రోజు విడిచి రోజు. గదిలో సాంబ్రాణి, అగరొత్తులు, యూకలిప్టస్ ఆవిరి ఏవీ వద్దు. కిటికీ తెరిచి ఉండాలి. లేచేటప్పుడు ముందు కూర్చుని, రెండు నిమిషాలు ఆగి, అప్పుడు నిలబడాలి. నీరు తీసే మాత్రలో బీపీ మాత్రలో వాడేవాళ్లకి ఇది మరీ ముఖ్యం.

పంపు, అంటే ఇన్హేలర్, పక్కనే ఉండాలి. గది బయట చెప్పుల స్టాండు మీద బ్యాగులో కాదు, చేతికి అందేచోట.

ఆక్సీమీటర్ ఎంత చూపిస్తే ఆపేయాలి?

మొదలుపెట్టేముందు ఉన్న అంకె కన్నా నాలుగు పడిపోతే, లేదా 88కి దిగితే ఆపేయండి. ఇది నేను నా దగ్గరికొచ్చేవాళ్లకి పెట్టుకున్న గీత, మీ డాక్టరు వేరేగా చెప్తే అదే పాటించండి. అంకె బాగానే ఉన్నా ఒక వాక్యం ఏకబిగిన చెప్పలేకపోతుంటే ఆపేయాల్సిందే.

గోరింటాకు, గోళ్ల రంగు, బురద, చల్లబడ్డ వేళ్లు, ఇవన్నీ అంకెని తారుమారు చేస్తాయి. ఛాయ తక్కువ ఉన్నవాళ్లకి ఈ మిషన్ ఉన్నదానికన్నా ఒకటి రెండు ఎక్కువ చూపించే అవకాశం కూడా ఉంది. క్లిప్పు పెట్టాక కనీసం అర నిమిషం కదలకుండా ఉంచి చూడండి. పెట్టగానే మెరిసిన మొదటి అంకె చూసి హడలిపోయి నాకు ఫోన్ చేసేవాళ్లు చాలామంది.

అక్కడ ఇన్హేలర్లు ఆపేయమన్నారు, "ఒంట్లో కెమికల్స్ ఉంటే మట్టి పనిచేయదు" అన్నారు. ఏం చేయాలి?

సంచి సర్దుకుని ఇంటికి వచ్చేయాలి.

ఇందులో నాకు మొహమాటం లేదు. రోజూ వాడే పంపు ఆపేస్తే మొదటి రెండు మూడు రోజులు ఏమీ కాదు, అదే ప్రమాదం, "చూశారా, లేకపోయినా బాగానే ఉంది" అనిపిస్తుంది. వారం పది రోజుల్లో దెబ్బ కొడుతుంది. స్టెరాయిడ్ మాత్రలు చాలాకాలంగా వాడేవాళ్లు ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికే వస్తుంది. బీఎన్‌వైఎస్ అనే డిగ్రీ అయిదున్నరేళ్లు చదివిన ప్రకృతి వైద్యులు నాకు తెలిసినవాళ్లలో ఎవరూ ఇలా ఆపమనరు, రిపోర్టులు చూసే మాట్లాడతారు. ఆపమనేది ఎక్కువగా రెండు నెలల సర్టిఫికెట్ గోడకి తగిలించుకున్నవాళ్లు.

పంపు బదులు ఏదైనా పొడి ఇచ్చి, అది వేసుకున్న మర్నాడే ఆయాసం చేత్తో తీసేసినట్టు పోతే సంతోషించకండి. అందులో స్టెరాయిడ్ కలిపి ఉండొచ్చు.

అక్కడ రసాల ఉపవాసం కూడా పెడతారట. మంచిదేనా?

బొద్దుగా ఉన్నవాళ్ల సంగతి వేరు. సీఓపీడీ ముదిరినవాళ్లు చాలామంది ఎముకల గూడులా ఉంటారు, ఊపిరి పీల్చడానికే ఒంట్లో ఉన్నదంతా ఖర్చయిపోతుంది కాబట్టి. వాళ్లకి కావలసింది గుడ్డు, పప్పు, పెరుగు, చేప. పది రోజులు సొరకాయ రసం మీద ఉంచితే ముందు కరిగేది కండ, ఊపిరి లాగే కండ కూడా. ఎనిమాలతో ఒంట్లో నీరు తగ్గితే కళ్లె జిగురులా చిక్కబడి ఊడి రాదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకి ఉపవాసం సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఛాతీ మీద వేడి మట్టి వేస్తే కళ్లె కరుగుతుందంటారు?

కళ్లె ఉండేది గాలి గొట్టాల లోపల. పైన వేసిన వేడి చర్మాన్ని, దాని కింది కండరాన్ని వెచ్చబెడుతుంది, అంత లోపలికి చేరదు. పాత రష్యన్ పద్ధతిలో గాలి గొట్టాలు వాచే దీర్ఘకాలపు బ్రాంకైటిస్‌కి వీపు మీద మట్టి పట్టీలు వేసేవాళ్లు, అదీ జబ్బు నెమ్మదించిన రోజుల్లోనే. దానివల్ల కండరాలు సడలి దగ్గు కాస్త సులువుగా వచ్చి ఉండొచ్చు. కళ్లె తీయడానికి ఇంతకన్నా తేలికైన పని ఉంది: నిదానంగా లోతుగా పీల్చి మూడు లెక్కపెట్టేదాకా ఆపి, నోరు గుండ్రంగా తెరిచి అద్దం మీద ఆవిరి పట్టించినట్టు "హా..." అని బలంగా వదలడం. రెండుసార్లు చేసి, ఒకసారి దగ్గి, కాసేపు ఆగి, మళ్లీ. కళ్లె ఎక్కువుండే బ్రాంకియెక్టాసిస్ వాళ్లకి ఇది రోజూ పళ్లు తోముకున్నంత అవసరం.

అంత డబ్బు పెట్టలేం. మా పొలంలో రేగడి మట్టి ఉంది, లేదంటే పుట్టమన్ను తెచ్చుకుని ఇంట్లోనే చేసుకోవచ్చా?

పత్తికి, మిర్చికి మనవాళ్లు కొట్టే మందులు మీకు నేను చెప్పాలా? ఆ మట్టిని వేడి చేసి చర్మానికి పట్టించుకుంటారా? పుట్టమన్ను శుభ్రంగానే కనిపిస్తుంది గానీ ఆ గట్టు మీద ఏ మందు కొట్టారో ఎవరికి తెలుసు.

అంతకన్నా పెద్ద భయం ఇంకోటి ఉంది. 2025లో గుంటూరు దగ్గర తురకపాలెంలో వరుసగా మనుషులు చనిపోతున్నప్పుడు పేపర్లలో మెలియాయిడోసిస్ అన్న పేరు చదివే ఉంటారు. అది తడి మట్టిలో, నిలవ నీళ్లలో ఉండే బ్యాక్టీరియాతో వచ్చే జబ్బు. 1911-12 ప్రాంతంలో రంగూన్‌లో విట్‌మోర్ అనే ఇంగ్లీషు డాక్టరూ, ఆయనతో పనిచేసిన కృష్ణస్వామీ కలిసి మొదటిసారి బయటపెట్టారు. అంటే వందేళ్ల పైబడిన సంగతే, మనకి పేరు ఆలస్యంగా తెలిసింది. చర్మం మీది చిన్న గీత నుంచి లోపలికి పోవచ్చు, ఊపిరితో పాటూ పోవచ్చు. ఎక్కువగా పట్టేది షుగర్ ఉన్నవాళ్లని. కిడ్నీ జబ్బు, దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లు, తాగుడు అలవాటున్నవాళ్లు కూడా ఆ వరసలోనే. న్యుమోనియాలా వస్తుంది, ఒక్కోసారి టీబీలా నటిస్తుంది. ల్యాబులో క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్ష చేస్తే గానీ బయటపడదు, రోజుల తరబడి ఇంజెక్షన్లు, తర్వాత నెలల తరబడి మాత్రలు. వర్షాకాలంలో దీని ముప్పు ఎక్కువ. ఆయాసం, షుగర్ రెండూ ఉన్న మనిషికి పొలం బురద పూయడం నా దృష్టిలో చేతులారా తెచ్చుకునే ముప్పు.

వేడి కావాలంటే వేడినీళ్ల రబ్బరు సంచి ఉంది కదా. టవల్లో చుట్టి భుజాల మీద, మోకాళ్ల మీద పావుగంట పెట్టుకోండి. మట్టి ఇచ్చే వేడి సుఖం చాలావరకు వచ్చేస్తుంది.

వాళ్లు వాడే మట్టి మంచిదో కాదో ఎలా తెలుస్తుంది?

అడగాలి. ఎక్కడి నుంచి తెస్తారు, ఎంత లోతు, ఎండబెడతారా, ఒకరికి వాడింది ఇంకొకరికి వాడతారా? చివరి ప్రశ్నకి తడబడితే లేచి వచ్చేయండి. తొట్టి మట్టిని రోజంతా అందరికీ అదే వాడే చోట్లు ఉన్నాయి. పక్కనే ఆవిరి గది, బుడగల వేడినీళ్ల తొట్టి ఉంటే వాటి దగ్గర ఎక్కువసేపు కూర్చోకండి. సరిగ్గా శుభ్రం చేయని వేడినీళ్ల తుంపరలో పెరిగే క్రిములు నేరుగా ఊపిరితిత్తిలోకే పోతాయి.

ఏ నెలలో వెళ్తే మంచిది?

వేసవిలో వద్దే వద్దు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, బెజవాడ మే నెల తెలిసిందేగా, బయటే 44, 45 ఉన్నప్పుడు లోపల వేడి మట్టి ఏంటి? సంక్రాంతి ముందు రోజులు మంచు, భోగి మంటల పొగ, నా దగ్గరికి ఎక్కువమంది పరిగెత్తుకొచ్చే కాలం అదే. ఫిబ్రవరి నెల నయం.

మా అమ్మ ఇంట్లో ఆక్సిజన్ మిషన్ మీద ఉంది. మిషన్ పెట్టుకునే చేయించుకోవచ్చా?

వద్దండి. రోజుకి కనీసం 15 గంటలు ఆక్సిజన్ పెట్టుకోమని రాశారంటే, ఆవిడ ఒంటికి దాచుకున్న శక్తి ఇంక ఏమీ మిగల్లేదని అర్థం. తడిగదిలో కరెంటు మిషన్, వైరు మీద బురద, మధ్యలో కరెంటు పోతే ఇంకేమైనా ఉందా? ఆయాసం వచ్చింది కదా అని మిషన్ నాబ్ పెంచేయడం ఇంకో తప్పు. సీఓపీడీలో కొంతమందికి ఆక్సిజన్ అతిగా ఇస్తే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మత్తులోకి జారిపోతారు. రాసిన లీటర్లు దాటకండి. ఆవిడకి కాళ్లు పట్టండి, గోరువెచ్చటి కొబ్బరినూనె రాయండి, అదే హాయి.

మట్టి కాకపోతే చేప మందు? ఉప్పు గది?

మృగశిర కార్తెకి హైదరాబాద్‌లో కొర్రమీను పిల్ల నోట్లో మందు పెట్టి మింగిస్తారు, మన ఊళ్ల నుంచి రైళ్లెక్కి వెళ్తారు. నమ్మకం మీద నేను వాదించను. క్యూలో గంటల తరబడి నిలబడాల్సి వస్తుంది, పంపు జేబులో పెట్టుకోండి, ముక్కుకి మాస్కు పెట్టుకోండి, అంతే. ఉప్పు గదిలో పొడి ఉప్పు గాలిలో ఊదుతారు, ఆస్తమా ఉన్నవాళ్లలో కొందరికి అదే దగ్గు తెప్పిస్తుంది.

మరి నిజంగా పనిచేసేది ఏంటి?

పల్మనరీ రిహాబ్. పేరు ఇంగ్లీషు, పని మాత్రం మన పొద్దుటి నడకే, కొలత ప్రకారం. నా పొట్టకూడు అదే కాబట్టి పొగుడుతున్నానని అనుకోవచ్చు, కానీ 2015లో వైద్య పరీక్షల ఫలితాలన్నీ కలిపి తూచే కాక్రేన్ సంస్థ వాళ్లు 65 పరీక్షలు, 3,800 మందికి పైగా పేషెంట్ల వివరాలు కలిపి చూసి, ఆయాసం, అలసట తగ్గుతాయని, నడిచే దూరం పెరుగుతుందని తేల్చారు. ఇంకా పరీక్షలు అక్కర్లేదన్నంత గట్టిగా.

మొదటిరోజు ఆరు నిమిషాలు నడిపించి ఎన్ని మీటర్లు వచ్చారో, ఆక్సిజన్ ఎంత పడిందో చూస్తాం. తర్వాత వారానికి రెండు మూడు రోజులు, ఆరు నుంచి ఎనిమిది వారాలు. నడక, సైకిలు, లీటరు నీళ్ల సీసాలతో చేతులకి బరువులు, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం. ముక్కుతో పీల్చి, పెదాలు ఈల వేసినట్టు పెట్టి, పీల్చినదానికి రెట్టింపు సేపు నెమ్మదిగా వదలడం. మెట్టెక్కేటప్పుడు ఊపిరి వదలాలి, మనవాళ్లంతా బిగబట్టి ఎక్కుతారు.

దీనికన్నా ముందు పొగ మానాలి. కట్టెల పొయ్యి ఉంటే గ్యాసుకి మారాలి, మన ఆడవాళ్లలో ఒక్క చుట్టా ముట్టకుండా సీఓపీడీ తెచ్చుకున్నవాళ్లు చాలామంది ఆ పొయ్యి దగ్గరే తెచ్చుకున్నారు. ఏటా ఫ్లూ టీకా, డాక్టరు చెప్పినట్టు న్యుమోనియా టీకా. పంపు వాడే తీరు ఒకసారి ఎవరికైనా చూపించండి, నా దగ్గరికొచ్చేవాళ్లలో సగం మంది మందుని నాలుకకే తినిపిస్తుంటారు. పంపుకి తగిలించే స్పేసర్ గొట్టం కొనుక్కుంటే ఆ బాధ తీరుతుంది. స్టెరాయిడ్ ఉన్న పంపు అయితే వాడాక నోరు పుక్కిలించాలి.

విజయవాడ, గుంటూరులో ఎక్కడ చూపించుకోవాలి?

గుంటూరు ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌లో, మంగళగిరి ఎయిమ్స్‌లో ఛాతీ విభాగాలున్నాయి, విజయవాడ ప్రభుత్వాసుపత్రి కూడా ఉంది. ప్రైవేటులో అయితే ఛాతీ డాక్టరుని "స్పైరోమెట్రీ చేస్తారా" అని అడిగి వెళ్లండి. ఏళ్ల తరబడి ఆయాసానికి మందులు మింగుతూ ఒక్కసారి కూడా ఊది చూపించనివాళ్లు ఎంతమందో. ఊదకుండా అది సీఓపీడీయో, ఆస్తమానో, పాత టీబీ మచ్చలో, గుండె ఆయాసమో తేల్చడం కష్టం.

అన్నీ విన్నాం, అయినా నాన్న పట్టుబట్టాడు, ఆదివారం బయల్దేరుతున్నాం. సంచిలో ఏం పెట్టుకోవాలి?

రోజువారీ పంపు, అత్యవసరం పంపు, స్పేసర్. పాత రిపోర్టులు, మందుల చీటీ. ఆక్సీమీటర్, దానికి రెండు అదనపు బ్యాటరీలు, గోరు తుడవడానికి ఒక పాత గుడ్డ. నీళ్ల సీసా. ఆయన నాన్ వెజ్ తింటే నాలుగు ఉడకబెట్టిన గుడ్లు, అక్కడ పెట్టరు. మా మావయ్య రెండోసారి వెళ్లినప్పుడు మోకాళ్లకి మాత్రమే పట్టీ వేయించుకుని, సగం దాకా కూర్చునే కుర్చీ అడిగి మరీ తెప్పించుకున్నాడు. నొప్పి తగ్గిందన్నాడు, ఆయాసం ఎలా ఉందంటే "అది ఎక్కడికి పోతుందిరా" అని నవ్వి, నాతో పాటు ఆ తోటలో రెండు చుట్లు నడిచాడు. నాన్నగారి పక్కన మట్టి వేసినంతసేపూ ఎవరో ఒకరు కూర్చోండి, ఫోను చూస్తూ కాదు, ఆయన మొహం చూస్తూ.